శంకరం కొండ: పేరులో దాగిన చరిత్ర
(శృంగవరపుకోటలో జరిగిన పెన్షనర్ల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. కరువు భత్యం బకాయిల మీద మాట్లాడవలసిన వక్తలు ఇంకా ఇద్దరున్నారు కనుక నేను గీత దాటను. కొండ గురించి మాట్లాడతానంటే మొదట ఆయన కొంచెం తటపటాయించి, "ఏ కొండండీ, మన పుణ్యగిరా?" అన్నారు. పుణ్యగిరి గురించి మీకు నేను చెప్పడమేమిటి? శివరాత్రికి ఆ కొండెక్కని మోకాలు ఈ హాల్లో లేదు. నేను చెప్పబోయేది అనకాపల్లి పక్కనున్న శంకరం కొండ గురించి. మన కోట నుంచి కొత్తవలస, పెందుర్తి, సబ్బవరం మీదుగా పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కేలోగా చేరవచ్చు. మనలో చాలామంది అనకాపల్లికి బెల్లం కోసం వెళ్లి ఉంటారు, నూకాలమ్మ దర్శనానికి వెళ్లి ఉంటారు. ఊరికి కూతవేటు దూరంలో ఉన్న ఆ కొండను చూసినవారు ఎందరో చేతులెత్తమంటే బాగుండదు కనుక అడగను.

అక్కడ ఉన్నది ఒక కొండ కాదు, రెండు. తూర్పుదాన్ని బొజ్జన్నకొండ అంటారు, పడమటిదాన్ని లింగాలకొండ లేదా లింగాలమెట్ట అంటారు. చుట్టూ పచ్చటి పొలాలు, ఆ మధ్య లేచిన రెండు గుట్టలు. దూరం నుంచి చూస్తే మన ప్రాంతంలో ఉన్న వంద మెట్టల్లో మరో రెండు మెట్టలనిపిస్తాయి. దగ్గరకు వెళ్లి మెట్లెక్కడం మొదలుపెడితే అప్పుడు తెలుస్తుంది, మన కాలి కింద ఉన్న కొండను మనుషులు కొంచెం కొంచెంగా చెక్కి వేరే రూపంలోకి తెచ్చారని.

బొజ్జన్నకొండకు తొలిచిన గుహలున్నాయి. వాటిలో పెద్ద గుహలోకి వెళితే పదహారు చదరపు స్తంభాలు, నడుమ ఒక స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణ చేసేందుకు దారి ఉంటాయి. ఆ స్తంభాలు తెచ్చి నిలబెట్టినవి కావు. ఆ స్తూపం కట్టినది కాదు. అదంతా ఒకే రాయి. స్తంభం ఉండవలసిన చోట రాతిని వదిలేసి, మిగిలినదంతా తీసివేశారు. స్తూపం నెత్తిన, కప్పు మీద గొడుగు చెక్కి ఉంది. మనం ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రీ ఒక గోడ వంకరగా లేపితే పడగొట్టి మళ్లీ కట్టించుకోవచ్చు. ఈ పనిలో ఆ అవకాశం లేదు. ఒక దెబ్బ ఎక్కువ పడి స్తంభం అంచు ఊడితే దాన్ని అతికించే సున్నం ఎక్కడా దొరకదు. గది మధ్యలో స్తూపం వస్తుందని, దాని చుట్టూ పదహారు స్తంభాలు వస్తాయని, ఇంకా ఏమీ లేని బండ ముందు నిలబడి మనసులో లెక్క వేసుకున్నవాడు ఎవడో గాని, సర్వేశాఖలో ముప్పైరెండేళ్లు గొలుసు పట్టిన నాకు వాడి కొలతల మీద అసూయగా ఉంటుంది.

గుహ గోడల మీద, ద్వారాల పైన కూర్చున్న బుద్ధ విగ్రహాలున్నాయి, ద్వారపాలకులున్నారు. ఇంకా పైకి వెళితే కొండ నెత్తిన మహాస్తూపం. దాని అడుగుభాగం కొండ రాతినే చెక్కినది, పైభాగం ఇటుకతో కట్టినది. చుట్టూ భక్తులు మొక్కుబడిగా చేయించిన చిన్న స్తూపాలు, భిక్షువులు ఉండే విహారాల ఇటుక పునాదులు కనిపిస్తాయి. కొండ దిగువన హారీతి విగ్రహం ఉంది. హారీతి అంటే పిల్లలను కాపాడే బౌద్ధ దేవత. ఊరి చివర పిల్లల తల్లిగా కొలిచే అమ్మవారు మనకు కొత్త కాదు గనుక ఆవిడ దగ్గర మాత్రం ఎవరికీ వింతగా అనిపించదు.

నన్ను అడిగితే, చూడవలసినది రెండో కొండ. లింగాలకొండ మీద గుహలు పెద్దగా లేవు. కొండ వీపు పొడుగునా, కింద నుంచి పై దాకా, వరసలు వరసలుగా స్తూపాలే. చిన్నవి, పెద్దవి, ఒకదాని భుజం మీద మరొకటి. అన్నీ కొండలోంచే చెక్కినవి. వానలకు కొన్ని అరిగిపోయి గుండ్రటి బోడిగుండ్లయ్యాయి. పొద్దున పూట ఏటవాలు ఎండలో చూస్తే కొండంతా పనసకాయ తొక్కలా బుడిపెలు బుడిపెలుగా కనిపిస్తుంది. స్తూపం అంటే ఏమిటో మరిచిపోయిన తరవాతి తరాలవారికి అవన్నీ శివలింగాల్లా కనిపించాయి. అందుకే లింగాలకొండ. వారి పొరపాటేమీ లేదు. నున్నటి గుండ్రటి రాయి కనిపిస్తే మన చేయి తనంతట తానే దండం పెడుతుంది.

ఈ చోటును తవ్వి లోకానికి తెలియజేసినవాడు అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి. 1906-08 ప్రాంతంలో ఆయన ఇక్కడ పనిచేశాడు. తవ్వకాల్లో కుండలు, పూసలు, మట్టి ముద్రలు, నాణేలు దొరికాయి. నాణేల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కాలం లెక్క కట్టడానికి అవే మనకు పాసుపుస్తకం. శాతవాహనులది, గుర్రం బొమ్మ ఉన్న సీసపు నాణెం ఒకటి. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి. వేంగి చాళుక్య వంశానికి మూలపురుషుడైన కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు కొన్ని. ఈ విష్ణువర్ధనుడి రాగిశాసనం ఒకటి మన చీపురుపల్లిలో దొరికింది, అది 632 నాటిది. అంటే మనకు బొత్తిగా పరాయివాడు కాడు. సముద్రగుప్తుడు నాలుగో శతాబ్దంలో దక్షిణాది మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఓడిన రాజుల పట్టీ అలహాబాదు స్తంభం మీద ఉంది. అందులో దేవరాష్ట్రపు కుబేరుడనే రాజు పేరుంది. ఆ దేవరాష్ట్రం ఎలమంచిలి ప్రాంతమని చరిత్రకారులు గుర్తించారు. అలాగని ఒక్క బంగారు నాణెం దొరికింది కాబట్టి సాక్షాత్తు సముద్రగుప్తుడే ఈ మెట్లెక్కాడని చెప్పేవారి మాట నేను నమ్మను. నాణెం రాజుల కంటే వర్తకుల మొలలో ఎక్కువ దూరం తిరుగుతుంది. ఈ గుహలూ స్తూపాలూ స్థూలంగా నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా వాడుకలో ఉన్నాయని పండితుల అంచనా. ఐదు వందల ఏళ్లు! హీనయానం, మహాయానం, వజ్రయానం, మూడింటి జాడలూ ఇక్కడ ఉన్నాయంటారు. మన జిల్లా పుట్టి ఐదు పదుల ఏళ్లు కూడా కాలేదు, 1979లో పుట్టింది.

ఇక పేర్ల విషయానికి వస్తాను. నేను ఇవాళ మాట్లాడడానికి ఒప్పుకున్నది దీనికోసమే.

బౌద్ధ భిక్షువులు నివసించే చోటును సంఘారామం అంటారు. ఆ సంఘారామమే జనం నోట నలిగి నలిగి శంకరం అయింది. బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయింది. భిక్షువులు పోయారు, దీపం పెట్టేవారు పోయారు, ఆ మతం పేరే ఈ నేల మీద ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. వెయ్యేళ్లు గడిచాయి. ఆ వెయ్యేళ్లూ పొలం దున్నుకునే రైతు, గొర్రెలు కాసుకునే కుర్రవాడు, తాము ఏం కాపాడుతున్నారో తెలియకుండానే ఆ పేరును నోట్లో పెట్టుకుని కాపాడారు. రే దొరగారు పలుగు పార పట్టుకుని వచ్చేసరికి ఊరి పేరే ఆయనకు సగం సంగతి చెప్పేసింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కనుమనాడు బొజ్జన్నకొండ దగ్గర తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్న ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టడం ఆ తీర్థంలో ఒక వేడుకగా ఉండేది. తాతలు కొట్టారు, తండ్రులు కొట్టారు, పిల్లల చేతికి రాయిచ్చి కొట్టించారు. వారసత్వ కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే ఇంటాక్ సంస్థవారు కలగజేసుకున్నాక ఆ ఆచారం మానిపించారు. చూడండి, పేరును భద్రంగా దాచిన నోరూ, రాయి విసిరిన చేయీ ఒకే ఊరివారివి. అందుకని వారిని తిట్టడం తేలిక. చెప్పేవాళ్లు లేనప్పుడు ఎవరైనా అంతే చేస్తారు. ఇది మన ఉత్తరాంధ్రకే పట్టిన తెగులు కూడా కాదు. ఎంత చదువుకున్నవాడికైనా ఇలాగే జరుగుతుందని చెప్పడానికి మిమ్మల్ని కాస్సేపు టర్కీ దేశం తీసుకువెళతాను. బస్సు ఛార్జీ లేదు, భయపడకండి.

టర్కీలో ఇజ్మీరు పట్టణానికి దగ్గరగా కరబెల్ అనే కనుమ దారి ఉంది. ఆ దారి పక్కన కొండరాతిలో ఒక యోధుడి బొమ్మ చెక్కి ఉంది. విల్లు, బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుకు పూర్వం ఐదో శతాబ్దంలో దీని గురించి రాశాడు. చరిత్రకు పితామహుడని పేరుపడ్డ ఆయన ఏమన్నాడు? ఇది ఈజిప్టు రాజు సెసోస్ట్రిస్ బొమ్మ అన్నాడు. అది అప్పటికే ఎనిమిది వందల ఏళ్ల నాటి బొమ్మ. దాన్ని చెక్కించిన వారి సంగతి ఆ ప్రాంతంలో చెప్పేవారే లేరు. రెండున్నర వేల ఏళ్ల తరవాత, 1998లో, డేవిడ్ హాకిన్స్ అనే పండితుడు దాని పక్కనున్న బొమ్మల లిపిని చదివి, అది మీరా దేశపు రాజు తర్కస్నావది అని తేల్చాడు. ఆ మీరా దేశం హిట్టైట్ చక్రవర్తులకు సామంత రాజ్యం.

హిట్టైట్లు అంటే ఒకప్పుడు ఈజిప్టుతో సమానంగా నిలబడి యుద్ధం చేసి, సమానంగా కూర్చుని సంధి చేసుకున్నవారు. వారి రాజధాని హట్టుసా. ఆ పక్కనే యజిలికాయ అనే చోట, పైకప్పు లేని రెండు రాతి గదుల్లో, కొండ గోడల మీద దేవతల ఊరేగింపు చెక్కి ఉంది. ఒక పక్క నుంచి దేవుళ్లు, మరో పక్క నుంచి దేవతలు నడిచి వచ్చి, నడుమ వారి ఉరుముల దేవుడూ ఆయన ఇల్లాలూ ఎదురుపడతారు. మన ఎదురుకోలు ఉత్సవంలాగే అనుకోండి. క్రీస్తు పూర్వం పదమూడో శతాబ్దం నాటి పని. యజిలికాయ అంటే ఆ భాషలో రాత ఉన్న బండ అని అర్థం. ఆ పేరు పెట్టింది చెక్కినవారు కాదు, ఆ తరవాత వేల ఏళ్లకు వచ్చిన టర్కీ పల్లెవాసులు. బొమ్మలు ఎవరివో వారికి తెలియదు, బండ మీద ఏదో రాసి ఉందన్నది మాత్రం కనిపెట్టారు. 1834లో టెక్సియే అనే ఫ్రెంచివాడు ఆ చోటును చూసి బయటి లోకానికి చెప్పినా అది హిట్టైట్లదని అప్పటికి తెలియదు. 1906లో వింక్లర్ అనే జర్మను పండితుడు హట్టుసాలో తవ్వితే మట్టి పలకల గ్రంథాలయమే బయటపడింది. మన శంకరం కొండ మీద రే తవ్వుతున్నదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఆ పలకల్లో మితన్ని రాజుతో చేసుకున్న సంధిపత్రం ఒకటుంది. దానికి సాక్షులుగా పిలిచిన దేవతల్లో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ఉన్నారు. సంధ్యావందనం చేసుకునేవారికి ఈ పేర్లు వేరే చెప్పనక్కరలేదు. క్రీస్తు పూర్వం పద్నాలుగో శతాబ్దంలో అంత దూరాన మన దేవతల పేర్లు మట్టి పలక మీద ఉండడం చూసి పండితులే ముక్కున వేలేసుకున్నారు.

కరబెల్‌కు మళ్లీ వస్తాను. అక్కడ ఒక్క బొమ్మ కాదు, మరికొన్ని రాతి చెక్కడాలు కూడా ఉండేవి. 1977-82 మధ్య రోడ్డు పని చేస్తూ వాటిని నాశనం చేశారు. మూడువేల ఏళ్లు గాలికి, వానకు ఆగిన రాయి రోడ్డు కంకరకు ఆగలేదు.

ఈ ముక్క దగ్గరే నాకు మన కొండలు గుర్తుకొస్తాయి. బొజ్జన్నకొండకు పరవాలేదు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 చట్టం ఉంది, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం అటువంటి కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్తగా కట్టడానికి, తవ్వడానికి వీల్లేదు. ఆ పైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. అయితే ఈ రక్షణంతా పట్టీలో పేరున్న కొండలకు. పట్టీలో లేని కొండ మన రికార్డులో ఏమిటి? కొండ పోరంబోకు. ఇక్కడ ఉన్న రెవెన్యూ సోదరులకు తెలుసు, ఆ రెండు మాటల కింద ఏమైనా పోవచ్చు. 1948 ఎస్టేటు రద్దు చట్టం వచ్చాక జమీందారీ గ్రామాలు సర్వే చేసినప్పుడు ఫెయిర్ అడంగల్‌లో గట్టు, గెడ్డ, మెట్ట అని రాసుకుపోయారు. మెట్టకు జనం పిలిచే పేరు ఏమిటి, ఆ పేరు ఎందుకొచ్చింది అనే గడి ఆ పుస్తకంలో లేదు. రాయి క్వారీకి దరఖాస్తు వచ్చినప్పుడు చూసేది ఆ పుస్తకమే.

పేరు ఎంత పని చేస్తుందో ఇంకో రెండు ఉదాహరణలు చెప్పి ముగిస్తాను. విశాఖ నుంచి భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కనుక తొట్లకొండ. పల్లెవాళ్లు తరతరాలుగా అదే పేరు పిలుస్తున్నారు. నౌకాదళం వారు తమ స్థావరం కోసం విమానం మీద నుంచి సర్వే చేసేదాకా అక్కడ బౌద్ధ విహారం ఉందని ఎవరూ గుర్తించలేదు. 1988-92 మధ్య తవ్వకాలు జరిపారు. దాని పొరుగునే బావికొండ. ఆ పేరూ నీటి బావులదే. ఇక శ్రీకాకుళం వైపు వంశధార ఒడ్డున శాలిహుండం. దాన్ని 1919లో మొదట గుర్తించినవారు ఎవరనుకున్నారు? గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోట్లాడిన పంతులుగారే. సవరల గూడేలకు పోయి వారి భాష నేర్చుకున్న మనిషికి జనం నోటి మాట విలువ తెలియకుండా ఉంటుందా?

మనకు ఇంకా దగ్గర రామతీర్థం. రాములవారి గుడికి అందరం వెళతాం. గురుభక్తులకొండ మీద బౌద్ధుల విహారాలు, స్తూపాల శిథిలాలు ఉన్నాయి. దుర్గకొండ మీది రాతి పంచలో జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. రాజరాజ నరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడి గురువు, త్రికాలయోగి అనే జైనాచార్యుడు, ఆ కొండకు వచ్చి నమస్కరించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. రాముడు, బుద్ధుడు, తీర్థంకరుడు మూడు కొండల మీద ఇరుగుపొరుగుగా ఉన్న చోటు అది. మనం ఒక్కరికే కొబ్బరికాయ కొట్టి బస్సెక్కేస్తున్నాం.

నా మనవి ఒకటుంది. ఈ హాల్లో కరణీకం చేసినవారున్నారు, సర్వేయర్లు, అటవీశాఖ గార్డులు, పల్లెపల్లెకూ తిరిగిన ఉపాధ్యాయులు, నర్సమ్మలు ఉన్నారు. అనంతగిరి ఘాటు దిగువ నుంచి కొత్తవలస దాకా ఏ మెట్టకు జనం ఏ పేరు పెట్టారో, ఏ గెడ్డ పక్కన పెద్ద పెద్ద ఇటుకలు తేలాయో, ఏ పొలంలో నాగలికి కుండపెంకులు తగిలాయో మనకు తెలిసినంతగా ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకు తెలియదు. వారి తప్పు కాదు, వారు ఫోనులో పటం చూసుకుని వెళ్లిపోతారు. పాండవుల పంచ అనో, రాకాసి గుండు అనో, సన్యాసి మెట్ట అనో పేరుంటే దాన్ని మూఢనమ్మకమని కొట్టేయకండి. అలాగే అక్కడేదో నిధి ఉందని గునపం పట్టుకునీ వెళ్లకండి. పేరు, ఊరు, ఏ దిక్కున ఉంది, ఎవరు చెప్పగా విన్నారు, ఈ నాలుగూ ఒక పోస్టుకార్డంత కాగితం మీద రాసి మన కార్యాలయంలో ఇవ్వండి. రాయలేనివారు చెప్పండి, నేను రాసుకుంటాను. ఏడాదికోసారి మనం బతికే ఉన్నామని ట్రెజరీకి కాగితం ఇస్తున్నాం కదా, ఆ వెళ్లినప్పుడే ఈ రెండో కాగితం కూడా జేబులో పెట్టుకోండి. సంచికలో ప్రతిసారీ ఒక పేజీ వీటికి ఇస్తామని సంపాదకులు ఒప్పుకున్నారు. అచ్చయినవాటి ప్రతులు పురావస్తు శాఖ వారికి పంపే పూచీ నాది.

శంకరం వెళదామనే వారి పేర్లు కోశాధికారిగారి దగ్గర రాయించండి. సంక్రాంతి రద్దీ తగ్గాక, ఎండలు ముదరకముందు, ఒక ఆదివారం పెట్టుకుందాం. పొద్దున ఆరింటికి బయలుదేరాలి. మెట్లున్నాయి గాని చేతికర్ర తెచ్చుకోవడం మంచిది. మంచినీళ్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి. పైదాకా ఎక్కలేనివారు కింద చెట్టు నీడన కూర్చున్నా లింగాలకొండ బాగా కనిపిస్తుంది. మనవలను తీసుకురండి, వారికి ఛార్జీ సగమే. మధ్యాహ్నం భోజనం అనకాపల్లిలో, ఆ తరవాత బెల్లం కొనుక్కునేవారికి అరగంట.

ఇరవై నిమిషాలూ అయినట్టున్నాయి, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.